వెలుతురు తిన్న ఫిల్ము

రిటైరయ్యాక కాలక్షేపం ఎట్లా అని నన్నెవరూ అడగనక్కర్లేదు. మా ఇంట్లో మూడు రేకు పెట్టెల నిండా బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లున్నాయి. వరంగల్ స్టేషన్ రోడ్డులో నేను ముప్ఫై ఏళ్ళు పనిచేసిన స్టూడియో మూతపడ్డప్పుడు, ఎవరూ వచ్చి అడగని నెగెటివ్‌లను పారేయడానికి మనసొప్పక ఇంటికి మోసుకొచ్చాను. ఇప్పుడు మూతలో కూడా లైటుండే పాత స్కానరొకటి సంపాదించి, పొద్దున టిఫిన్ అయ్యాక దాని ముందు కూర్చుంటున్నాను. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపడం, ఫిల్ములో మెరిసే వైపేదో చూసుకుని అద్దం మీద పరచడం, మూత వేయడం. కాసేపటికి నల్లటి ముఖాలు తెల్లబడి, తెల్లటి జుట్టు నల్లబడి, ఎవరో ఒకరు తెర మీదికి వస్తారు. హాల్ టికెట్ ఫోటోకు టై అరువు తెచ్చుకున్న ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడు. ఖిలా వరంగల్ తోరణం కింద ఒకరికొకరు అడుగు దూరంలో నిలబడ్డ కొత్త దంపతులు. చాలామంది పేర్లు నాకు తెలియవు.

మొన్న పెట్టెలో చేతికొచ్చిన కవరులోని వాళ్ళు మాత్రం తెలుసు. అందులో ఒకే రీలు నుంచి కత్తిరించిన ఏడు నెగెటివ్‌లున్నాయి. ఆరు శుభ్రంగా ఉన్నాయి. ఏడోది సగం మసి పట్టినట్టుంది. ఏ పని నేర్చుకుంటున్నా సరే, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఈ ఏడింటి సంగతి చెప్పాలనిపించింది. ఇందులో గొప్ప అంతా ఇతరులది. తప్పు ఒక్కటే నాది.

డెబ్బైల చివరి మాట. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. స్టూడియోలో మేం ముగ్గురం. యజమానిని అందరం మాస్టరు అనేవాళ్ళం. డార్క్‌రూములో ఆయన పనితనం చూడ్డానికి హన్మకొండ నుంచి కూడా ఫోటోగ్రాఫర్లు వచ్చేవారు. రెండో మనిషి రిటచింగ్ చేసే అక్క. కిటికీ దగ్గర ఏటవాలు బల్ల మీద నెగెటివ్ పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖాల మీది స్ఫోటకం మచ్చలు, కళ్ళ కింది ముడతలు మాయం చేసేది. ఆమె కాథలిక్కు, ఆదివారం పూజ తప్పితే ఇంకే కారణానికీ సెలవు పెట్టేది కాదు. మామూలు ఫోటోలో కన్నా నెగెటివ్‌లోనే మనుషుల్ని తొందరగా గుర్తుపట్టేది. మూడోవాణ్ణి నేను. ఫిల్ములు కడగడం, ప్రింట్లు ఆరబెట్టడం, కౌంటరులో కూర్చోవడం నా పని. రెండేళ్ళకే అన్నీ వచ్చాయనుకున్నాను.

ఒకరోజు పొద్దున మాస్టరు పెళ్ళి ఫోటోలకు వెళ్ళారు. మిషన్ దవాఖాన నుంచి ఒక నర్సు వచ్చింది. సంచిలోంచి డబ్బా కెమెరా తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఒక మనిషి రైలు ఆగకముందే దిగబోయి స్టేషన్ల పడ్డడు తమ్మీ. తలకాయకు దెబ్బ తాకింది. రెండు రోజులైంది, తెలివి లేదు. జేబుల ఒక్క కాయితం లేదు. సంచిల రెండు అంగీలు, తువ్వాల, ఇగో ఇది ఉన్నయ్. దీంట్ల ఫోటోలేమన్న ఉంటే మనుషులను గుర్తువట్టొచ్చు గదా."

"పోలీసులేమన్నరు?"

"దేవులాడుతాండ్రు. డాక్టరమ్మనేమో హైదరాబాద్ తోల్కపోయి ఆపరేషన్ చేపియ్యాలె అంటాంది. సంతకం పెట్టెటందుకు ఆయన మనిషి ఒక్కరన్న ఉండాలె."

ఆ కెమెరాల వెనక ఎర్ర అద్దం వేసిన చిన్న కిటికీ ఉంటుంది. లోపల ఫిల్ముంటే అందులోంచి నెంబరు కనబడాలి. ఆ అద్దం గీతలు పడి, మట్టి పట్టి ఉంది. నాకేం కనబడలేదు. తుడిచి చూడాలి. అనుమానం ఉంటే చీకటి గదిలోకి తీసుకుపోయి తెరవాలి. రెండేళ్ళుగా మాస్టరు నాకు చెబుతున్న మొదటి పాఠమే అది. నేను మాత్రం నర్సు ముందు పెద్ద పనివాణ్ణయిపోయి, "దీంట్ల ఫిల్ము లేదు సిస్టర్, చూడు" అంటూ ఎండ పడుతున్న కౌంటరు మీదే వెనక మూత తెరిచాను.

ఫిల్ముంది.

టక్కున మూసేశాను. నర్సుకు ఏమీ అర్థం కాలేదు. "ఉన్నదా?" అంది ఆశగా.

"ఉన్నది" అన్నాను.

అట్లాంటి కెమెరాలో ఫిల్ము ఒక చక్రం మీది నుంచి ఇంకో చక్రం మీదికి చుట్టుకుంటూ పోతుంది. ముందు తీసిన ఫోటోలు లోపలి చుట్టల్లో భద్రంగా ఉంటాయి. చివరగా తీసినవి పై చుట్టల్లో ఉంటాయి. వెలుతురు ముందు వాటినే తింటుంది. ఫిల్ము కడిగి ఆరేసి చూస్తే పన్నెండింటిలో ఆరు బాగా వచ్చాయి. ఏడోది సగం పోయింది. మిగిలిన అయిదూ బొగ్గులా నల్లగా ఉన్నాయి.

భయమేసింది. ఆరింటి దగ్గర కత్తెర పెట్టి, మిగతా ముక్కను మూలనున్న గోనెసంచిలో పారేశాను. ఫిల్ము ముక్కల్లో వెండి ఉంటుందని మాస్టరు వాటిని ఆ సంచిలో పోగేసి అమ్మేవారు. సాయంత్రం ఆయన వచ్చాక, "ఆరే తీసిండు మాస్టర్, తక్కింది ఖాళీ ఫిల్ము" అన్నాను. ఆయన నమ్మారు. నమ్మకపోవడానికి అప్పటిదాకా నేను కారణమివ్వలేదు.

ఆరు ఫోటోలూ ఒకే రోజున తీసినవి. మట్టిగోడల చిన్న చర్చి. పాస్టరుగారి చేతుల్లో పొడుగాటి తెల్లగౌను వేసిన పసిపాప. తెల్లచీరల్లో ఆడవాళ్ళు. పాపనెత్తుకుని నవ్వు ఆపుకుంటున్న తల్లి. "మా కాథలిక్కుల తీరు లేదు. ప్రొటెస్టెంట్లయి ఉంటరు. పిల్లకు బాప్తిస్మం ఇస్తాండ్రు" అంది అక్క. కానీ ఊరి పేరు ఎక్కడా లేదు. అట్లాంటి చర్చిలు మా చుట్టుపక్కల వందల ఊళ్ళలో ఉంటాయి. కెమెరా పట్టుకున్నవాడు తనే కాబట్టి, ఆ మనిషి ఏ ఫోటోలోనూ లేడు.

నర్సు ఆ ప్రింట్లు పట్టుకుని తెలిసిన పాస్టర్లందరి దగ్గరికీ తిరిగింది. పొద్దున డ్యూటీకి పోయే ముందు స్టూడియో మెట్ల దగ్గర ఆగి, "ఎవ్వలు గుర్తువడ్తలేరు తమ్మీ" అని చెప్పి వెళ్ళేది. నన్నెందుకు నిలదీయడం లేదని అనిపించేది. ఆమెకేం తెలుసు? ఒకసారి నేనే దవాఖానకు వెళ్ళాను. తలకు కట్టుతో పడుకున్న మనిషి నా ఈడువాడే. కళ్ళు సగం తెరిచి ఉన్నాయిగానీ చూపు లేదు. అరచేతుల నిండా గ్రీజు మరకలు, కడిగినా పోనివి. ఎవరో మిస్త్రీ అనుకున్నాను. అయిదు నిమిషాలు కూడా నిలబడలేకపోయాను.

కెమెరా వచ్చిన అయిదో రోజున మాస్టరు లోపల పనిలో ఉండగా అక్క నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది. ఆరో నెగెటివ్‌ను వెలుతురుకు పట్టుకుని ఉంది.

"తమ్మీ, ఖాళీ ఫిల్మును కడిగితే ఎట్లుంటది?"

"అద్దం తీరుగ తెల్లగ ఉంటది."

"మరి నువ్వు కత్తిరిచ్చిన కాడ అంచుకు గీ నల్లటి చార ఎందుకున్నది?"

ఆమె నా ముఖం వైపు చూడకుండా నెగెటివ్ వైపే చూస్తూ చిన్నగా అంది. "నేను మాస్టర్‌కు చెప్ప. నువ్వే చెప్పు. గని ఇయ్యాల్నే చెప్పు. ఆడ దవాఖానల మనిషి పండుకొని ఉన్నడు."

డార్క్‌రూము తలుపు కొట్టడానికి నేనెంతసేపు నిలబడ్డానో తెలియదు. లోపలికి వెళ్ళి ఎర్రలైటులో అంతా చెప్పాను. మూత తెరిచింది, కత్తిరించింది, అబద్ధమాడింది. ఆ మసకలో ఆయన ముఖం సరిగ్గా కనబడకపోవడం నా అదృష్టం. ఆయన చేతిలోని ప్రింటును నీళ్ళలో వదిలేశారు.

"ముక్క యాడున్నది?"

"సంచిల వడేసిన మాస్టర్."

"తిట్టుడు తర్వాత. ముందుగాల్ల దాన్ని దేవులాడు."

గోనెసంచిని నేల మీద బోర్లించాం. అక్క కూడా కొంగు దోపుకుని కూర్చుంది. నెల రోజుల ముక్కలు, చుట్టలు చుట్టుకుని ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి. అక్కకే దొరికింది. మాస్టరు దాన్ని లైటుకు పట్టి, అయిదు నల్లటి ఫ్రేముల మీద వేలు పెట్టి "ఇవి పోయినయ్" అన్నారు. ఏడోదాని దగ్గర ఆగారు. "దీంట్ల ఏదో ఉన్నది."

నెగెటివ్‌లో ఎక్కువైన నలుపును కరిగించే మందొకటి ఉంటుంది. నారింజరంగు పలుకుల్ని నీళ్ళలో కలిపి తయారుచేస్తారు. తగినంతసేపు ఉంచితే మసి పోయి బొమ్మ తేలుతుంది. రెండు క్షణాలు ఎక్కువైతే బొమ్మే పోతుంది. మళ్ళీ తెచ్చుకోవడానికి దారుండదు. మాస్టరు మందును బాగా పల్చగా కలిపారు. నెగెటివ్‌ను అందులో ముంచడం, ఊపడం, తీసి నా చేతిలోని నీళ్ళ గిన్నెలో కడగడం, లైటుకు పట్టి చూడడం. మళ్ళీ ముంచడం. గిన్నెలో నీళ్ళు తొణుకుతున్నాయి. "గిన్నె కింద పెట్టు" అన్నారు విసుగులేకుండా.

ఎన్నోసారికో గుర్తులేదు. అక్క "ఆగు!" అని అరిచింది. మాస్టరు నెగెటివ్‌ను నీళ్ళలో పడేశారు. నాకింకా మసే కనబడుతోంది. ఆమె మాత్రం చూసేసింది. "తల్లి, పిల్ల ఉన్నరు. ఎన్క సైకిల్ దుకాణం. మీద బోర్డున్నది."

ఆరీ ఆరకముందే ప్రింటు వేశాం. ఒక పక్కంతా పొగమంచు కమ్మినట్టుంది. రెండో పక్క, పాపనెత్తుకున్న తల్లి భుజం వెనక, సైకిలు టైర్లు వేలాడదీసిన కొట్టు. బోర్డులో పై వరస చదవరాలేదు. కింది వరసలో నాలుగక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. మరిపెడ.

మర్నాడు మొదటి బస్సుకు నన్నే పంపించారు మాస్టరు. "నువ్వు చేసింది నువ్వే ముగించుకొని రా" అన్నారు. తిట్టు అంటే అదొక్కటే. ఆ తర్వాత కూడా మరేమీ అనలేదు.

మరిపెడలో బస్సు దిగగానే సైకిల్ దుకాణం ఎదురుగానే ఉంది. దుకాణదారు ఫోటో చూసి, పొగలాంటి సగాన్ని వేలితో తుడవబోయి, నవ్వాడు. "గీమె మోటర్ల మిస్త్రీ పెండ్లాం గదా! పిల్లకు బాప్తిస్మం అయిన తెల్లారి ఇక్కడ్నే నిలవెట్టి తీసిండు. బామ్మర్ది కెమెరా తెచ్చుకున్నడు. ఏమైంది?"

చెప్పాను. దుకాణం మూసేసి తనే నన్ను సైకిలు మీద ఇంటికి తీసుకుపోయాడు.

ఆ ఇల్లాలు పాపకు నీళ్ళుపోస్తోంది. భర్త వరంగల్‌లో ఫోటోలు కడిగించుకుని, కాజీపేటలో ఉండే ఆమె తమ్ముడికి కెమెరా ఇచ్చేసి, అక్కడే ఒక షెడ్డులో పని మాట్లాడుకుని వారం పదిరోజుల్లో వస్తానని చెప్పి వెళ్ళాడట. కాబట్టి ఆమె వెదకలేదు. నేను మాటలు కూడబలుక్కుని చెబుతుంటే, చెంబు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "పానం ఉన్నదా?" అని ఒక్కమాట అడిగింది. ఉందన్నాను. పాపను తుడిచి, బట్టలు సర్దుకోవడానికి లోపలికి పోయింది.

అరుగు మీద నులక మంచంలో ముసలాయన ఒకాయన పడుకుని ఉన్నాడు. మిస్త్రీ తండ్రి. చాలాకాలంగా జబ్బు. నన్ను చేత్తో పిలిచాడు.

"నా కొడుకు బతికున్నడంటివి గదా?"

"ఉన్నడు తాతా."

"ఇంకోపారి చెప్పు."

"బతికే ఉన్నడు."

మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. అప్పుడు గుడ్డతో కళ్ళద్దాలు తుడుచుకుని, నా చేతిలోని కవరు వైపు చూశాడు. "ఫోటోలచ్చినయా? నాయి గూడ తీసిండు. లేపి కూసోవెట్టి, తలకు రుమాల్ గట్టిండు, ఆ పక్క జూడు ఈ పక్క జూడు అనుకుంట నన్ను సతాయించిండు. మంచిగచ్చినయా?"

ఆ అయిదు నల్లటి ఫ్రేములు. వాటిలో ఉన్నదెవరో నాకప్పుడు తెలిసింది. ఎదురుగా మనిషి ఉన్నాడు. నా దగ్గర కెమెరా లేదు. ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి, ఉత్తచేతులతో వచ్చాను.

"మంచిగచ్చినయ్ తాతా" అన్నాను.

"అచ్చినయా!" అని సంబరపడ్డాడు. "అన్నం తిన్నవా పిల్లగా? కోడలా, గీ పిల్లగానికి ఇంత పెట్టు." అంత కంగారులోనూ ఆమె నాకు చల్లలో కలిపిన అన్నం పెట్టింది. తినకపోతే ఆయన ఊరుకోలేదు.

ఆ సాయంత్రానికే దవాఖానలో ఆమె సంతకం పెట్టింది. మర్నాడు మిషన్ వాళ్ళ వ్యానులో హైదరాబాద్ తీసుకుపోయారు. నర్సు తోడు వెళ్ళింది. ఆపరేషన్ అయింది. బతికాడు. అయితే చాలా రోజులు పేర్లు గుర్తుకురాలేదట. భార్య మంచం పక్కన కూర్చుని మేమిచ్చిన ప్రింట్లు ఒక్కొక్కటే చూపించి, ఇది ఎవరు, ఇది ఎవరు అని అడిగేదట. పాప పేరు ముందొచ్చింది, తన పేరు తర్వాత. ఇవన్నీ నర్సు వచ్చి చెప్పింది. ఇంకొక మాట కూడా చెప్పింది. వాళ్ళు హైదరాబాద్‌లో ఉండగానే ఇక్కడ ముసలాయన పోయాడు.

నాలుగు నెలల తర్వాత మొగుడూ పెళ్ళాలు పాపనెత్తుకుని స్టూడియోకు వచ్చారు. అతని జుట్టు పొట్టిగా పెరిగింది. నుదుటి నుంచి చెవి మీదుగా పెద్ద మచ్చ. మాటలు నెమ్మదిగా, వెదుక్కుంటున్నట్టు వస్తున్నాయి. మాస్టరు చెయ్యి, అక్క చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నాయన ఫోటోలు గూడ తీసిన్నని ఈమె చెప్తాంది. నాకు యాదికి లేదు. ఉన్నయా?"

ఎవరూ నాకు సాయం రాలేదు. రాకూడదు కూడా. ఎండలో మూత తెరిచిన సంగతి చెప్పాను. భయపడి కత్తిరించి పారేసిన సంగతి చెప్పాను. దానివల్ల తన వాళ్ళకు కబురు అయిదు రోజులు ఆలస్యమైందని చెప్పాను. ఆఖరికి, మీ నాయన అడిగితే మంచిగా వచ్చాయని అబద్ధం చెప్పానని కూడా చెప్పాను.

అతను స్టూలు మీద కూర్చున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"నువ్వు మా నాయనను చూసినవ్ గదా" అన్నాడు. "ఊరోళ్ళను అడిగితే మంచిగనే పోయిండు అంటరు, గంతే. ఎట్లున్నడు? ఏమన్నడు? చెప్పు."

చెప్పాను. నులక మంచం, తలాపున మడిచిపెట్టిన రుమాలు, ఒక పక్క దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు. కొడుకు బతికున్నాడని మూడుసార్లు చెప్పించుకోవడం. రుమాలు కట్టి సతాయించాడని మురిసిపోతూ చెప్పడం. చల్లన్నం. నాకు గుర్తున్నదల్లా, ఆయన గొంతు ఎక్కడ బొంగురుపోయిందో సహా చెప్పాను. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. భార్య మధ్యలో ఒకటి రెండు సరిదిద్దింది.

"అంటే," అన్నాడు అతను కళ్ళు తెరిచి, మాట మాట ఏరుకుంటూ, "కొడుకు బతికిండు, ఫోటో మంచిగచ్చింది అనుకొనే పోయిండు. గంతే గదా?"

"అంతే."

"గది చాలు తియ్యన్నా."

ఆ రోజు తర్వాత నేను ఎన్ని వేల ఫిల్ములు కడిగానో లెక్కలేదు. తప్పులు చేశాను. కానీ ఒక్కటి కూడా సంచిలో దాచలేదు. నా చేతిలో ఇంత పనితనముందంటే, తిట్టకుండా మందు కలిపిన మాస్టరుది, మాస్టరుకు చెప్పకుండా నాతోనే చెప్పించిన అక్కది, రోజూ మెట్ల దగ్గర ఆగిన నర్సుది. స్టూలు మీద కూర్చుని నన్ను కొట్టని ఆ మనిషిది అందరికన్నా ఎక్కువ. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఉన్నప్పుడు ఈ మాట సరిగ్గా చెప్పుకోలేకపోయాను.

ఆ రోజు నెగెటివ్‌లు ఇవ్వబోతే మిస్త్రీ తీసుకోలేదు. "మా ఇంట్ల చెదలు వడ్తయ్, నీ దగ్గర్నే ఉండనియ్యి" అన్నాడు. మాస్టరు అప్పుడు ముగ్గుర్నీ లోపలికి పిలిచి, లైట్లు వేసి, పెద్ద కెమెరా ముందు కూర్చోబెట్టారు. తన కూతురితో, భార్యతో అతను ఉన్న మొదటి ఫోటో అది. నెగెటివ్ ఆరాక అక్క అలవాటు ప్రకారం బల్ల మీద పెట్టుకుని పెన్సిలు చెక్కింది. భార్య కిటికీ దగ్గరికి వెళ్ళి వంగి చూసింది.

"అక్కా, ఆ మచ్చ తీసేస్తవా?"

"తీసేస్త బిడ్డా. అస్సలు కనవడకుండ చేస్త."

"వద్దక్కా. ఉండనియ్యి. పొద్దుగాల లేస్తనే దాన్ని చూసే ప్రార్థన చేసుకుంటాన."

అక్క పెన్సిలు పక్కన పెట్టేసింది. నాకు తెలిసి ఆమె చెయ్యి పడకుండా మా స్టూడియో నుంచి బయటికి పోయిన ముఖం అదొక్కటే. నిన్న దాన్ని స్కాన్ చేశాను. ఫిల్ము మీది దుమ్ము మాత్రం దులిపి, ముఖం జోలికి పోకుండా, ఇప్పుడు తనే అమ్మమ్మ అయిన ఆ పాపకు పంపించాను.